‘పొమ్’కు ఒక చప్పటా, రెండు చప్పట్లా?

మాంట్రియల్ నుంచి ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరానికి ఇది సారాంశం. ఆమె కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదేళ్లు తెలుగు బోధించి, భర్త ఉద్యోగరీత్యా రెండేళ్ల క్రితం కెనడాలోని క్యూబెక్ రాష్ట్రానికి వెళ్లారు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలు సాధారణంగా ఫ్రెంచి బడిలోనే చదవాలని అక్కడ 1977లో వచ్చిన భాషా చట్టం చెబుతుంది కనుక, వారి ఏడేళ్ల పాప ఫ్రెంచిలోనే చదువుకుంటోంది. ఒకరోజు పాప బొమ్మల కాగితం ఒకటి తెచ్చింది. ఒక్కొక్క బొమ్మ పేరు పలుకుతూ, అందులో ఎన్ని సిలబుళ్లు, అంటే ఒక్క ఊపులో పలికే ముక్కలు, ఉంటే అన్ని చప్పట్లు కొట్టి, ఆ సంఖ్య రాయాలి. ఆపిల్ పండు బొమ్మ దగ్గర తల్లి నిఘంటువులో వర్ణక్రమం చూసి ‘పొమ్-మ’ అని రెండు రాయించారు. ఒకటే అని దిద్దుబాటు వచ్చింది. మూడు వారాల తరువాత, మాటలను అడ్డగీతలతో విడగొట్టే మరో కాగితం వచ్చింది. ఈసారి జాగ్రత్తపడి అదే మాటకు ఒకటే అని చెప్పారు. దాన్ని కూడా కొట్టివేసి, రెండు అని దిద్దారు. ‘నువ్వు చెప్పేదంతా తప్పే’ అని పాప ఏడ్చింది. ఆ తరువాత ఒకనాడు చేపల దుకాణంలో ఈమె ‘పువాసోఁ’ అనబోయి ‘పువాజోఁ’ అన్నారు. చేప అడగబోతే విషం అడిగినట్టయింది. దుకాణదారు చిరునవ్వు నవ్వి ఊరుకున్నాడు కానీ, పాప చెయ్యి పట్టి లాగి ‘అమ్మా, నువ్వు మాట్లాడకు’ అంది. అప్పటినుంచి ఈమె బయట ఫ్రెంచి మాట్లాడటం మానేశారు. హోంవర్కు బడికే వదిలేసి, ఇంట్లో తెలుగు తగ్గించి ఇంగ్లీషు పెంచమని భర్త సలహా. ‘ఈ భాషకు నియమమంటూ ఉందా? నేను పాప చదువులోనుంచి తప్పుకోవాలా? వచ్చే నెల తల్లిదండ్రుల సమావేశానికి నేను వెళ్లాలా, ఆయనను పంపాలా?’ అని అడిగారు.

అమ్మా, ముందుగా ఆ రెండు కాగితాల సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే మీ బాధకు మొదలు అక్కడే ఉంది. మొదటి కాగితంలో ‘ఒకటి’ అన్న దిద్దుబాటు సరైనదే, రెండవ కాగితంలో ‘రెండు’ అన్న దిద్దుబాటు కూడా సరైనదే. ఫ్రెంచివారు సిలబుళ్లను రెండు లెక్కలలో లెక్కిస్తారు. ఒకటి చెవి లెక్క, రెండవది కంటి లెక్క. బొమ్మ చూసి చప్పట్లు కొట్టమన్నప్పుడు అడిగేది చెవి లెక్క. ‘పొమ్’ అని నోటితో అంటే ఒకే ఊపు, కనుక ఒకే చప్పట. రాసిన మాటను గీతలతో విడగొట్టమన్నప్పుడు అడిగేది కంటి లెక్క. ఆ మాట చివర పలకని ‘ఇ’ (e) అక్షరం ఒకటి ఉంది. పలకకపోయినా అది అచ్చే కనుక, కాగితం మీద దానికొక సిలబుల్ కేటాయిస్తారు. అందుచేత పొమ్-మ రెండు. బడి అనే మాటను తీసుకోండి. పలికితే ఎ-కొల్ అని రెండు, రాస్తే ఎ-కో-ల అని మూడు. మీరు రెండుసార్లూ సరైన లెక్కే వేశారు. కాకపోతే మొదటి కాగితానికి కంటి లెక్క, రెండవదానికి చెవి లెక్క వేశారు. ఏ లెక్క అడుగుతున్నారో కాగితం పైన రాసి ఉండే ఒక్క వాక్యం మీకు అర్థం కాలేదు. నియమం లేని భాష కావడం వల్ల జరిగిన పొరపాటు కాదది.

మూడవ లెక్క కూడా ఒకటి ఉంది, పాటల లెక్క. సోదరుడు అనే అర్థం గల ‘ఫ్రెర్’ మాటలో ఒకే ఊపు ఉంటుంది కానీ, పిల్లల పాటలలో దానిని ‘ఫ్రె-ర’ అని రెండు స్వరాలకు సాగదీస్తారు. పాత ఫ్రెంచి పద్యాలలో పాదానికి 12 సిలబుళ్లుండే అలెగ్జాండ్రిన్ అనే ఛందస్సులో, ఈ పలకని ‘ఇ’ తరువాత హల్లు వస్తే లెక్కలోకి వస్తుంది, అచ్చు వస్తే రాదు, పాదాంతంలోనూ రాదు. పాప బడిలో పాట పాడి వచ్చి వేరే సంఖ్య చెబితే అది ఈ లెక్క వల్లనే అయి ఉంటుంది.

ఈ జవాబులో ఫ్రెంచి వర్ణక్రమం చెప్పవలసినచోట అక్షరాలను మనం ఇంగ్లీషు తరగతిలో నేర్చుకున్న పేర్లతోనే చెబుతున్నాను. ముక్కుతో పలికే ఫ్రెంచి అచ్చుకు మన అరసున్న వాడుతున్నాను. నిండు సున్న వాడితే నాలుకో పెదవులో తగిలి ‘న్’ అనో ‘మ్’ అనో హల్లు పుడుతుంది, ఫ్రెంచిలో ఆ తాకిడి ఉండకూడదు. ఒకప్పుడు మనవాళ్లు ‘వాఁడు’ అని రాసుకున్న ఆ గుర్తు దీనికి చక్కగా సరిపోతుంది. మీరు కూడా మీ నోటుపుస్తకంలో అలాగే రాసుకోండి.

ఇక మాటను ఎక్కడ విడగొట్టాలన్న విషయానికి వస్తాను. ఇక్కడ మీ తెలుగు బోధన అడ్డు కాదు, ఆసరా అని నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే మన లిపి ఒకటి చెబుతుంది, మన ఛందస్సు మరొకటి చెబుతుంది. లిపిని పక్కనబెట్టి ఛందస్సును పట్టుకోవాలి. ‘మెర్సీ’ అనే మాటను మన లిపిలో రాస్తే ‘మె’ ఒక అక్షరం, ‘ర్సీ’ ఒక అక్షరం. కానీ ‘సత్యము’ అనే మాటలో ‘స’ ఎందుకు గురువవుతుందో మీరు పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటారు? సంయుక్తాక్షరంలోని మొదటి హల్లు ముందక్షరం మీదికి ఒరుగుతుంది, ఆ బరువుకు అది గురువవుతుంది. ఫ్రెంచివారు గీత గీసేది సరిగ్గా అక్కడే. రెండు అచ్చుల మధ్య ఒకే హల్లు ఉంటే అది తరువాతి అచ్చుతో వెళ్తుంది, కా-ఫే. రెండు హల్లులు ఉంటే ఒకటి వెనక్కు, ఒకటి ముందుకు వెళ్తాయి, మెర్-సీ. ఒకే హల్లు రెండుసార్లు రాసినా కాగితం మీద అలాగే విడగొడతారు, నోటిలో మాత్రం ఒకటే వినిపిస్తుంది.

రెండవ హల్లు ‘ఎల్’ గాని ‘ఆర్’ గాని అయి, దాని ముందు ‘బి’, ‘పి’, ‘టి’ వంటి హల్లు ఉంటే ఆ జంటను విడదీయరు. నల్లబల్లను తా-బ్లో అంటారు, ‘తరువాత’ అనడానికి ఆ-ప్రె అంటారు. దీనికి కూడా మన దగ్గర పోలిక ఉంది. ‘అద్రుచు’, ‘విద్రుచు’ వంటి తెలుగు మాటలలో రేఫను తేల్చి పలికినప్పుడు ముందక్షరం లఘువుగానే ఉండిపోవచ్చునని మీరు చదివే ఉంటారు. హల్లు మీద రేఫ తేలికగా ఆనుకుంటే వెనకటి అక్షరానికి బరువు తగలదు. అలాగే ‘జి-ఎన్’ అనే జంట రాతలో రెండు అక్షరాలైనా ధ్వనిలో ఒకటే, మనం ‘ఞ’ అని రాసేది. అందుకే కొండ అనే మాట చెవికి మోఁ-తాఞ్. అటువంటి జంటను గీతతో చీల్చకూడదు.

మీరున్న నగరం పేరునే చూడండి. వర్ణక్రమంలో ‘టి’, ‘ఆర్’ పక్కపక్కనే ఉన్నాయి కనుక, ఇప్పుడు నేను చెప్పిన నియమం ప్రకారం అవి కలిసి ఉండాలి. కానీ ఫ్రెంచివారు మోఁ-రె-యాల్ అంటారు, ‘త’కారం వినిపించదు. ఆ పేరులో మొదటి ముక్క కొండ అనే అర్థం గల వేరే మాట, దాని చివరి ‘టి’ విడిగా ఉన్నప్పుడు పలకరు. సమాసంలోనూ ఆ మౌనం అలాగే నిలిచింది. ఏ నియమానికైనా మాట పుట్టుక ఇలా ఒక్కోసారి అడ్డుపడుతుంది. పాపకు ఈ ఒక్క ఉదాహరణ చెప్పి చూడండి, రోజూ వినే పేరు కనుక మరిచిపోదు.

గీతలు గీయడం ఎందుకు, వట్టి హోంవర్కే కదా అని మీకు అనిపించవచ్చు. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇదే: ఫ్రెంచిలో గీత ఎక్కడ పడుతుందో తెలిస్తే మాట ఎలా పలకాలో సగం తెలిసినట్టే. బొమ్మ అనే అర్థం గల ‘ఇమాజ్’, ముఖ్యమైనది అనే అర్థం గల ‘ఏఁపొర్తాఁ’, రెండూ ‘ఐ-ఎమ్’ అనే అక్షరాలతోనే మొదలవుతాయి. మొదటిదానిలో ‘ఎమ్’ తరువాత అచ్చు ఉంది కనుక అది ముందుకు వెళ్లిపోతుంది, ‘ఐ’ స్వచ్ఛమైన ఇకార ధ్వనిగా మిగులుతుంది. రెండవదానిలో తరువాత ‘పి’ ఉంది, ‘ఎమ్’ వెనక్కు ఒరిగి అచ్చులో కరిగిపోయి దానిని ముక్కులోకి పంపుతుంది. మంచి అనే మాట పుంలింగంలో ‘బోఁ’, స్త్రీలింగంలో ‘బొన్’ కావడానికి కూడా ఇదే కారణం. స్త్రీలింగంలో ‘ఎన్’ రెండుసార్లు వచ్చి, దాని తరువాత ‘ఇ’ నిలిచింది కనుక ముక్కు ధ్వని పోయి ‘న’కారం తేటపడింది. మినహాయింపులు లేకపోలేదు కానీ, రోజూ ఎదురయ్యే మాటలలో చాలావాటికి ఈ లెక్క సరిపోతుంది.

‘ఇ’ అనే అక్షరం అంతకంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే గురులఘువులు దాని మీదే తీరుగా పనిచేస్తాయి. హల్లు వెనక్కు ఒరిగి సిలబుల్ మూసుకుంటే అది తేట ‘ఎ’ అవుతుంది, మెర్-సీ. సిలబుల్ దానితోనే ముగిసి, అక్షరం పైన ఉచ్చారణ గుర్తు ఏదీ లేకపోతే అది పెదవులు కొద్దిగా గుండ్రంగా చేసి పలికే మసక ధ్వనిగా మారుతుంది, వేగంగా మాట్లాడితే పూర్తిగా జారిపోతుంది. మీరు అందరికంటే ముందు నేర్చుకుని ఉండే ‘జ మాపెల్’, అంటే నా పేరు, అన్న వాక్యంలో ‘ఎల్’ రెండుసార్లు రాస్తారు, అందుకే తేటగా ‘పెల్’. పిలవడం అనే మూలరూపంలో ‘ఎల్’ ఒకటే కనుక ఆ ‘ఇ’ జారిపోయి ‘అప్లే’ అవుతుంది. మన నోటిలో ‘చెప్పలేదు’ అన్నది ‘చెప్లేదు’ అయినట్టే. శనివారాన్ని రాతలో మూడు ముక్కలుగా విడగొట్టినా నోటిలో సామ్-దీ అని రెండే వినిపిస్తాయి. శుక్రవారంలో మాత్రం ఆ మసక అచ్చును వదలరు, వాఁ-ద్ర-దీ అంటారు, వదిలితే మూడు హల్లులు ఒకదానిమీద ఒకటి పడి నోరు తిరగదు. రాతకూ నోటికీ ఉన్న ఈ ఎడం ఫ్రెంచివారిని కూడా ఇబ్బంది పెట్టింది. సంఘటన అనే మాటను వారు ‘ఎ-వెన్-మాఁ’ అని పలుకుతారు. అందులో రెండవ ‘ఇ’ మీద ఉండే ఉచ్చారణ గుర్తు మాత్రం మూసుకున్న సిలబుల్‌కు తగినది కాదు. 1990లో వర్ణక్రమాన్ని సవరించినప్పుడు పలుకుబడికి తగిన గుర్తుతో రాయవచ్చని అనుమతించారు. ఇప్పుడు రెండు రూపాలూ చెల్లుతాయి.

చేపల దుకాణంలో జరిగినది కూడా సిలబుల్ గీత వల్లనే. రెండు అచ్చుల మధ్య ‘ఎస్’ ఒంటరిగా ఉంటే అది ముందుకు వెళ్లి ‘జ’కారానికి దగ్గరగా మోగుతుంది, మాట పువా-జోఁ అవుతుంది. ‘ఎస్’ రెండు ఉంటే ‘స’కారంగానే నిలుస్తుంది, మాట పువా-సోఁ అవుతుంది. ఫ్రెంచి నేర్చుకునే వారందరికీ పాఠాలలో హెచ్చరికగా చెప్పే జంట ఇది. అంటే మీ కంటే ముందు ఎందరో అక్కడ కాలుజారారు.

పాప కొన్నిసార్లు మాటను విడిగా ఒకలా, వాక్యంలో మరోలా పలుకుతోందని, ఏది సరైనదో తెలియడం లేదని రాశారు. విడిగా స్నేహితుడు ‘అమీ’, స్నేహితులు అన్నప్పుడు ‘లే జామీ’. ఆ ‘జ’ ఎక్కడినుంచీ ఊడిపడలేదు. బహువచనాన్ని చెప్పే ముందు మాట చివర మౌనంగా ఉన్న ‘ఎస్’ అచ్చును చూసి మేలుకుంది. ఇది మన ద్రుతానికి దగ్గర చుట్టం. హల్లు ముందు చాలాచోట్ల కనబడకుండా పోయే నకారం, అచ్చు ముందు నిలిచి దానితో కలిసిపోయి ‘వచ్చెనతడు’ అయినట్టే ఇదీను. సంధిలో సిలబుల్ గీత మాటల సరిహద్దును దాటిపోతుంది. ఫ్రెంచి ఇళ్లలో పుట్టిన పసిపిల్లలు కూడా దీనివల్ల పొరబడి ఎలుగుబంటిని ‘ఊర్స్’ అనవలసింది ‘నూర్స్’ అంటూ ఉంటారు. పాప ఏదో ఒకనాడు అలా అంటే కంగారుపడకండి.

మరో చిక్కు మీ ప్రాంతానిది. మీరు పారిస్ ఉచ్చారణ నేర్పే వీడియోలు చూస్తున్నారు, పాప వింటున్నది క్యూబెక్ ఉచ్చారణ. వీడియోలో మంగళవారం ‘మార్-దీ’, పాప నోట ‘మార్-ౙీ’. క్యూబెక్‌లో ‘ఐ’, ‘యు’ అచ్చుల ముందు త, ద లు మన ‘చాప’లోని చకారంలా, ‘జడ’లోని జకారంలా మారుతాయి. ఆ ధ్వనులు మీ నోటిలో ఉన్నవే. కాకపోతే మన తెలుగులో అవి ఇకారం ముందు రావు, అక్కడ వస్తాయి. ఈ విషయంలో పాపను దిద్దకండి, ఆమె పలుకుతున్నది తన ఊరి ఫ్రెంచి. మీకు స్వతహాగా కలిసివచ్చేవి కూడా ఉన్నాయి. ఫ్రెంచి త, ద లు మన త, ద లే, ఇంగ్లీషు అలవాటుతో ‘ట’, ‘డ’ అనకుంటే చాలు. క్యూబెక్‌వారు హ్రస్వదీర్ఘాల భేదాన్ని కొన్ని జంటలలో ఇప్పటికీ పాటిస్తారు, తెలుగు చెవికి అది వెంటనే అందుతుంది. ఒక్క అలవాటును మాత్రం పట్టుబట్టి మానుకోండి. బస్సు, కారు, రోడ్డు అని పరభాషా పదాలకు చివర అచ్చు తగిలించడం మనకు సహజం. ‘పొమ్’ను ‘పొమ్ము’ అన్నారో, చప్పట్లు రెండవుతాయి.

ఇప్పుడు మీరు ఏం చేయవచ్చో చెబుతాను. మీ భర్త అన్నట్టు హోంవర్కును పూర్తిగా బడికి వదిలేయవచ్చు. రోజంతా ఆ భాషలో గడిపే పిల్ల కనుక పాప ఫ్రెంచి దానివల్ల పెద్దగా దెబ్బతింటుందని నేననుకోను, సాయంత్రం కన్నీళ్లు కూడా ఆగుతాయి. కానీ తన బడి లోకంలో అమ్మకు చోటు లేదని ఏడేళ్లకే పాప మనసులో పడిపోతే, పదమూడేళ్లకు దాన్ని తొలగించడం కష్టం. కొద్ది నెలల విరామంగా ఈ దారి పట్టవచ్చు, శాశ్వతంగా పట్టడం నాకు ఇష్టం లేదు. ట్యూషను పెట్టించవచ్చు. దానివల్ల దిద్దుబాట్లు తగ్గుతాయి కానీ, బోధించేవారు క్యూబెక్ బడుల పద్ధతి ఎరిగినవారు కాకపోతే పాపకు మూడో ఉచ్చారణ ఒకటి తోడవుతుంది.

మీరే తరగతిలో చేరడం మరొక దారి. వలస వచ్చిన పెద్దల కోసం క్యూబెక్ ప్రభుత్వం ఫ్రెంచి తరగతులు ఉచితంగా నడుపుతోంది. 2023 జూన్ నుంచి వాటికి ‘ఫ్రాన్సిజేషన్ క్యూబెక్’ అనే ఒకే ప్రవేశద్వారం ఏర్పాటైంది. తరగతి దొరకడానికి ఆలస్యం కావచ్చు, దొరికాక వారంలో కొన్ని సాయంకాలాలు ఇంటిపని మీ భర్త చూసుకోవలసి ఉంటుంది, ఆ మాట ఆయనతో ముందే తేల్చుకోవాలి. అయినా ఈ దారిని తేలికగా తీసుకోకండి. మీరు ఉత్తరమంతా పాప హోంవర్కు గురించి రాశారు కానీ, నాకు అంతకంటే పెద్దదిగా కనిపించిన నష్టం మీరు దుకాణంలో నోరు విప్పడం మానేయడం. పాప కాగితాలన్నిటికీ పూర్తి మార్కులు వచ్చినా ఆ మౌనం తొలగదు. తొమ్మిదేళ్లు తరగతి గదిలో గొంతెత్తి పద్యం చదివిన మనిషి చేపల దుకాణంలో వేలు చూపించి బేరమాడుతున్నారంటే నాకు మనసు కష్టమనిపించింది.

వీటిలో ఏది ఎంచుకున్నా, దానితోపాటు ఇంట్లో ఒక మార్పు చేసి చూడవచ్చు. పలకడంలో పాప గురువు, విడగొట్టడంలో మీరు గురువు. పాప మాట పలుకుతుంది, మీరు అచ్చం అలాగే అనాలి, తప్పితే పాప దిద్దుతుంది. తరువాత మీరు గీత ఎక్కడ పడాలో అడుగుతారు, ఎందుకో చెబుతారు. ‘నీ చెవి నాకంటే చురుకు, నువ్వు దిద్దు, నేను నేర్చుకుంటాను’ అని మీ నోటితో మీరే అంటే, ‘నువ్వు మాట్లాడకు’ అనవలసిన అవసరం ఆ పిల్లకు ఉండదు. దుకాణంలో పాప అన్న మాట మీమీద తక్కువ చూపుతో అన్నది కాదని నా అభిప్రాయం. అందరి ముందు అమ్మను ఎవరైనా నవ్వుతారేమోనన్న భయంతో అన్నది. కొంతకాలం తల్లి మీద చిన్నపిల్ల అధికారం చూపవచ్చు, దానికి మీరు సిద్ధపడాలి. హద్దు దాటితే మందలించే హక్కు ఎలాగూ మీదే.

తెలుగు తగ్గించమన్న సలహాను మాత్రం నేను ఒప్పుకోలేను. మాటను ముక్కలుగా వినగలగడం ఒక భాషలో అలవడితే మరో భాషకు పనికివచ్చే విద్య. పాపకు వేమన పద్యం చెబుతూ చప్పట్లు కొట్టించండి. పద్యంలో అలవడిన ఆ పట్టు ఫ్రెంచి కాగితంలోనూ పనికివస్తుంది. ఇంట్లో ఇంగ్లీషు పెంచడం వల్ల ఫ్రెంచి హోంవర్కుకు ఏ మేలూ కలగదు.

సమావేశానికి మీ భర్త వెళ్తే మాట సులువుగా సాగుతుంది కానీ, ఆయన ఆ రెండు కాగితాల ముందు కూర్చోలేదు, ఏం అడగాలో ఆయనకు తెలియదు. మీరు వెళ్తే తడబడవచ్చు. ఇద్దరూ కలిసి వెళ్లి, మొదటి ప్రశ్న మీరు వేసి, జవాబు పొడవైతే ఆయన సాయం తీసుకోవడం నాకు బాగనిపిస్తోంది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఇకమీదట ఏ లెక్క అడుగుతున్నారో పైన ఒక గుర్తు పెట్టగలరా అని అడగండి. ఉపాధ్యాయురాలు దానికి సంతోషిస్తారనే అనుకుంటాను. ప్రశ్న ఇది: ‘సిలాబ్ ఒరాల్, ఊ ఎక్రీత్?’ నోటి సిలబులా, రాత సిలబులా అని అర్థం. మొదటి రెండు మాటలనూ విడదీయకండి, ‘సిలాబ్’ చివరి బకారం తరువాతి అచ్చును పట్టుకుంటుంది: సి-లా-బొ-రాల్. చివరి మాటలో తకారం పలకాలి, దాని వెనుక పలకని ‘ఇ’ ఉంది. సమావేశానికి ముందురోజు రాత్రి పాప చేత ఒకసారి దిద్దించుకుని వెళ్లండి.